ఉత్త బిళ్ళ

సోమేశ్వరరావుకి చేతిలో పనితనం, ముక్కు మీద కోపం. ఈ రెండింటిలో ఏది ముందు పుట్టిందో ఆయన భార్య బాలాత్రిపురసుందరికి కూడా తెలియదు. కాకినాడలో బీఎస్సీ చదివి, తొంభై ఐదులో హైదరాబాదు వచ్చి, బాలానగర్‌లో ఒక మందుల ఫ్యాక్టరీలో చేరాడు. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే గదిలో, ఒకే రకం మిషను ముందు కూర్చున్నాడు. ఆ మిషను పేరు ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు గనక, అందరూ ఐఆర్ అనేవారు.

అది చేసే పని చెప్పుకుంటే చిన్నదే. కంటికి కనబడని వెలుగును ఒక పదార్థంలోంచి పోనిస్తుంది. ఆ పదార్థం తనకు నచ్చిన వెలుగును మింగేసి మిగతాది వదిలేస్తుంది. మింగిన చోటల్లా కాగితం మీద గీత కిందికి దిగి గుంట పడుతుంది. పదిహేడు వందల పది అంకె దగ్గర గుంట ఉంటే అందులో ఆమ్లం ఉన్నట్టు. పదిహేడు వందల నలభై ఐదు దగ్గర ఉంటే ఎస్టరు, అంటే నూనెల్లోనూ కొవ్వుల్లోనూ ఉండే జాతి. అందరూ మనిషి ముఖం చూసి పేరు చెబితే సోమేశ్వరరావు గీత చూసి పేరు చెప్పేవాడు. డాక్టరేట్లు చేసినవాళ్ళు కాగితం పట్టుకొచ్చి, "రావు గారూ, ఇదేంటో కాస్త చూసి పెట్టండి" అని నిలబడేవారు. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఒక్క చూపు చూసి చెప్పేవాడు. చెప్పింది తప్పయిన సందర్భం ఎవరికీ గుర్తు లేదు. ఆయనకైతే అసలే లేదు.

గీత రావాలంటే ముందు బిళ్ళ చెయ్యాలి. ఉప్పులా తెల్లగా ఉండే పొటాషియం బ్రోమైడు పొడిలో చిటికెడు సరుకు కలిపి, చిన్న రాతి కల్వంలో మెత్తగా నూరి, ఉక్కు అచ్చులో పోసి ప్రెస్సు కింద నొక్కితే, అద్దంలాంటి పలచని బిళ్ళ వస్తుంది. మిషనులో పెట్టేది ఆ బిళ్ళనే. అయితే ఆ పొడికి ఒక పాడు బుద్ధి ఉంది. గాలిలో తేమ తాగి ఉక్కును తినేస్తుంది. ఏ లేబులో చూసినా ఏడాది తిరక్కుండానే అచ్చు తుప్పు పడుతుంది. సోమేశ్వరరావు అచ్చు మాత్రం కొత్త స్టీలు గిన్నెలా తళతళలాడుతూ ఉండేది. ఆ మర్మం కొబ్బరినూనెలో ఉంది. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు అచ్చు లోపలా బయటా రెండు చుక్కలు రాసి పెట్టేవాడు. పొద్దున రాగానే పొడి దూదితో తుడిచి పని మొదలుపెట్టేవాడు. స్పిరిట్‌తో తుడవచ్చు కదండీ అని ఎవరైనా అంటే ఇంతెత్తున లేచేవాడు. "దూది చాలు. నా అచ్చుకు ఇరవై ఏళ్ళు. మీ అచ్చుకెన్నేళ్ళు?" అనేవాడు. 

రెండు వేల ఇరవై మూడు ఏప్రిల్‌లో బాలానగర్ ఫ్యాక్టరీ మూతపడింది. యాభై రెండేళ్ళ మనిషిని పిలిచి ఉద్యోగం ఎవరిస్తారు? ఉదయ్ భాస్కర్ ఇచ్చాడు. నలభై కూడా నిండని ఈయన గోపన్‌పల్లిలో, కొత్త అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుపోయిన పాత గోడౌను ఒకటి తీసుకుని చిన్న కంపెనీ పెట్టాడు. సోమేశ్వరరావు తన అచ్చును గుడ్డలో చుట్టుకుని ఈ కొత్త చోటికి, మళ్ళీ ఐఆర్ ముందుకే వచ్చాడు. ఫ్యాక్టరీ వాళ్ళు పోతూ పోతూ ఆయనకు ఇచ్చిన బహుమానం అదొక్కటే. మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కణ్ణుంచి షేర్ ఆటో పట్టుకునేవాడు. దారి పొడవునా అద్దాల మేడలు. మెడలో ఐడీ కార్డుల పిల్లలంతా ఆ మేడల్లోకి పోతుంటే, తానొక్కడూ వాటిని దాటుకుని గోడౌనుకు పోయేవాడు. పోతూ కూడా కాస్త గర్వంగానే పోయేవాడు. మీరంతా కంప్యూటరు చెప్పింది వింటారు, నేను గీత చెప్పింది వింటాను అనుకునేవాడు.

గోడౌనులో చేసేది మైనం. వంటనూనెలు శుద్ధి చేశాక మిగిలే మడ్డిలోంచి కొవ్వు ఆమ్లాన్ని తీసి, మిథనాల్‌లో కరిగించి, ప్లాటినం రేకులు ముంచి కరెంటు పెడతారు. కరెంటు తగలగానే ఆమ్లానికి తల తెగిపోయి కార్బన్ డయాక్సైడ్ బుడగలై లేచిపోతుంది. మిగిలిన తోకలు రెండేసి ముడిపడి పొడుగాటి మైనం అవుతాయి. తల లేని ఆ మైనానికి పదిహేడు వందల ప్రాంతంలో గీత బల్లపరుపుగా ఉండాలి. కరెంటు అటూ ఇటూ అయినా, రేకులు మురికైనా ఎస్టరు తయారవుతుంది, అక్కడ గుంట పడుతుంది. లిప్‌స్టిక్కులు చేసే ముంబై కంపెనీ ఒకటి ఆ మైనం కొంటామంది. గీత బల్లపరుపుగా ఉన్న శాంపిలు జనవరి నెలాఖరుకల్లా పంపాలని షరతు పెట్టింది.

ఆ మైనం చేసే పిల్ల పేరు ప్రవీణ. సిద్దిపేట అవతలి పల్లె, ఇరవై ఆరేళ్ళు, ఎమ్మెస్సీ. గోపన్‌పల్లిలోనే హాస్టల్లో ఉండేది. ఆగస్టులో చేరింది, ఆరు నెలలు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. వాళ్ళ ఊళ్ళో డిగ్రీ చదివిన ప్రతివాళ్ళూ అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేసి ఆ అద్దాల మేడల్లో పడ్డారు. ఈ పిల్ల ఒక్కతే మొండికేసి, నాకు సీసాలూ బుడగలే ఇష్టమని ఇటు వచ్చింది. సోమేశ్వరరావుకు మొదట్లో ఆ మొండితనం నచ్చింది. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, ఘానం తరవాత ఘానం, ఎన్ని విడతలు చేసినా ఆమె మైనానికి గీత బల్లపరుపే. "భేష్ అమ్మా" అనేవాడు. ఆయన నోట భేష్ అన్న మాట రావడమే ఒక వింత.

డిసెంబరు మొదటి వారంలో మొదలైంది తంటా. గీత గీస్తూ గీస్తూ పదిహేడు వందల నలభై ఐదు దగ్గర చిన్న గుంట పడింది.

"ఎస్టరు," అన్నాడు సోమేశ్వరరావు.

"ఎట్లొచ్చింది సార్? నేనేం మార్చలే," అంది ప్రవీణ.

"అది నన్నడిగితే? నీ గిన్నె, నీ కరెంటు."

ఆమె మళ్ళీ చేసింది. మళ్ళీ గుంట. రేకులు కాల్చి కడిగింది. గుంట. కరెంటు తగ్గించింది, మిథనాల్ కొత్త డబ్బా తెరిచింది, మైనాన్ని మూడుసార్లు కరిగించి శుద్ధి చేసింది. గుంట పోలేదు. ముడి ఆమ్లానికి ఎలాగూ ఆ పక్కనే పెద్ద గుంట ఉంటుంది గనక, అందులో ఈ చిన్నది ఎవరి కంటా పడలేదు. కనబడేదల్లా పాపం ఈ పిల్ల మైనంలోనే. ఏడో తారీకున ఆమె కాగితం పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకుండ్రి. శాంపిల్ ఏం కలపకుండ, ఉత్త పొడితోని ఒక బిళ్ళ ఏసి చూద్దామా?"

ఉత్త బిళ్ళ వెయ్యడమంటే మిషన్నీ, అచ్చునూ, వాటిని నడిపే మనిషినీ పరీక్షించడం. నిజానికి అది రోజూ పొద్దున్నే చెయ్యాల్సిన పని. సోమేశ్వరరావు మానేసి పన్నెండేళ్ళయింది. ఎప్పుడు చూసినా బల్లపరుపుగానే వస్తుంటే ఎందుకీ దండగ అని మానేశాడు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఇప్పుడు నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అడిగేసరికి ఒళ్ళు మండిపోయింది.

"ఏమ్మా, నా అచ్చుకే పరీక్ష పెడతావా? నువ్వు పుట్టకముందు నుంచి బిళ్ళలు వేస్తున్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నారని, నీ చేతకానితనానికి నా అచ్చు ఏం చేసింది?"

లేబులో ఉన్న మిగతావాళ్ళు కిసుక్కున నవ్వారు. ప్రవీణ ముఖం ఎర్రబడింది. "లేదు సార్, ఊకెనే అడిగిన," అని వెళ్ళిపోయింది. మళ్ళీ అడగలేదు.

ఆ సాయంత్రం ఉదయ్ భాస్కర్ ఆయన్ను గదిలోకి పిలిచాడు. "ఏంటండీ రావు గారూ ఈ గోల? లోపం ఎక్కడుందంటారు?" అని అడిగాడు. సోమేశ్వరరావు ఇంకా మండుతూనే ఉన్నాడు. "లోపం పద్ధతిలో లేదండి. మూడు నెలలు బాగానే వచ్చింది కదా. ఆ అమ్మాయికి చేతి శుభ్రం లేదు. అంతే," అన్నాడు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోగలమా? ఉదయ్ భాస్కర్ ఆ మాటను ఉన్నదున్నట్టు పట్టుకెళ్ళి సోమవారం మీటింగులో అందరి ముందూ ప్రవీణతో అన్నాడు. నెలాఖరుకు ఇది సరికాకపోతే ఉద్యోగం ఖాయం చెయ్యడం కుదరదని కూడా అన్నాడు.  ప్రవీణ బల్ల కిందికి చేతులు దించుకుంది. అది సోమేశ్వరరావు చూశాడు, చూసి కూడా తాను చెప్పింది నిజమేనని అనుకున్నాడు. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

అప్పణ్ణుంచి ఆ పిల్ల చేతులు కడగడం మొదలుపెట్టింది. సీసా ముట్టే ముందొకసారి, ముట్టాకొకసారి. సబ్బుతో కడిగి, మళ్ళీ స్పిరిట్‌తో కడిగి, గ్లవ్స్ వేసుకుని, విప్పి మళ్ళీ కడిగేది. సింకు దగ్గర ఆ నీళ్ళ చప్పుడు రోజంతా వినబడుతూనే ఉండేది. "ఇప్పటికైనా బుద్ధొచ్చింది" అనుకున్నాడాయన.

డిసెంబరు ఇరవై ఏడు. చలి బాగా పడుతోంది. సోమేశ్వరరావు స్నానం చేసి తల దువ్వుకోబోతే, బాలాత్రిపురసుందరి వంటింట్లోంచి కేకేసింది.

"ఏమండీ, నూనె సీసా అక్కడ లేదు. బాల్కనీలో ఎండకు పెట్టాను. గడ్డకట్టుకుపోయి చుక్క దిగడం లేదు."

ఆయన బాల్కనీలోకి వెళ్ళాడు. నీలం సీసాలో కొబ్బరినూనె తెల్లగా పేరుకుని ఉంది. సీసా తలకిందులు చేసి చూశాడు. కదల్లేదు. చిటికెనవేలు లోపల పెట్టి గీకితే గోటి సందులో మైనంలా అంటుకుంది. ఆ గోటిని చూస్తూ అలాగే నిలబడిపోయాడు. దువ్వెన చేతిలోనే ఉంది.

బాలానగర్‌లో ప్రెస్సు బాయిలరు గదిని ఆనుకుని ఉండేది. అక్కడ డిసెంబరులో కూడా చెమటలే, నూనె ఏ కాలంలోనైనా నీళ్ళలా జారిపోయేది, పొడి దూది ఒక్కసారి తిప్పితే చాలు. గోపన్‌పల్లి గోడౌనులో ప్రెస్సు ఉత్తరం కిటికీ పక్కన ఉంది. సాయంత్రం చుక్కలుగా పడిన నూనె రాత్రంతా చలిగాలికి అచ్చులోనే గడ్డకడుతుంది. పొద్దున్నే దూదితో తుడిస్తే పైపైన మెరుస్తుంది గానీ, అచ్చు సందుల్లో పేరుకున్న నూనె ఎక్కడికి పోతుంది? బిళ్ళలోకే పోతుంది. కొబ్బరినూనె అంటే ఎస్టరే కదా. పదిహేడు వందల నలభై ఐదు. గీత చూసి పేరు చెప్పే మహానుభావుడికి తన తలనూనె పేరు తెలియకపోయింది.

"అలా ఉండిపోయారేంటండీ?" అంటూ బాలాత్రిపురసుందరి వచ్చింది. ఆయన ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఆమె అంతా విని, "కార్తీకం వెళ్ళగానే ఏటా సీసా ఎండలో పెడుతూనే ఉన్నాను. పాతికేళ్ళుగా మీరు చూస్తూనే ఉన్నారు కదండీ," అంది. అందులో వేళాకోళం ఏమీ లేదు. అందుకే ఆయనకు మరీ గుచ్చుకుంది.

టిఫిన్ కూడా తినకుండా బయలుదేరాడు. ఇంకా ఎవరూ రాకముందే గోడౌను తాళం తీయించి, అచ్చును ఎప్పటిలాగే పొడి దూదితో తుడిచి, ఏమీ కలపని పొడితో ఉత్త బిళ్ళ వేశాడు. పన్నెండేళ్ళ తరవాత వేసిన మొదటి ఉత్త బిళ్ళ అది. మిషను గీత గీసింది. పదిహేడు వందల నలభై ఐదు దగ్గర అదే గుంట, అంతే లోతు.

సోమేశ్వరరావుకు సిగ్గు వేసింది. సిగ్గంటే మామూలు సిగ్గు కాదు, చెవులు వేడెక్కి, కూర్చున్న కుర్చీ కూడా తనను చూస్తోందేమో అనిపించింది. ఆ పిల్ల అడిగింది. మర్యాదగా, కోపం చెయ్యకండని ముందే చెప్పుకుని మరీ అడిగింది. తానేమో పదిమందిలో నవ్వులపాలు చేశాడు. చేతి శుభ్రం లేదన్నాడు. ఛీ, ఇదేం బతుకు అనుకున్నాడు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్నాడు.

మనిషన్నవాడు అప్పుడు ఏం చెయ్యాలి? ఆ పిల్ల రాగానే ఎదురెళ్ళి, తప్పు నాదమ్మా అనాలి. సోమేశ్వరరావుకూ ఆ సంగతి తెలుసు. తెలిసే ఇంకొకటి చేశాడు. స్పిరిట్ తీసి అచ్చును మూడుసార్లు కడిగాడు, అచ్చుకు రాసే నూనె సీసా చెత్తడబ్బాలో పారేశాడు, మళ్ళీ ఉత్త బిళ్ళ వేసి గీత బల్లపరుపుగా ఉందని చూసుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. పదకొండింటికి ప్రవీణ కొత్త ఘానం తెచ్చింది. గీత బల్లపరుపుగా వచ్చింది. ఆమె నమ్మలేక ఆ కాగితాన్ని దగ్గరికి తీసుకుని చూసింది. అప్పుడైనా చెప్పవలసింది. ఆయన నోటి వెంట ఏమొచ్చిందో తెలుసా?

"చూశావా? శుభ్రంగా చేస్తే ఎందుకు రాదు?"

అన్న మరుక్షణం ఆ నోటిని తానే కుట్టేసుకోవాలనిపించింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేరం తన మీద పడుతుందేమోనని ముందే దబాయించాడు. ప్రవీణ తల ఊపింది. "అవును సార్," అంది.

మరో మూడు ఘానాలు బాగా వచ్చాయి. ఉదయ్ భాస్కర్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "మీరు గట్టిగా చెప్పబట్టే దారిలో పడిందండీ రావు గారూ. అనుభవం అంటే ఇదీ," అన్నాడు. సోమేశ్వరరావు ఆ చెయ్యి కింద కుంచించుకుపోయాడు.  సాయంత్రం ఇంటికి వెళితే బాలాత్రిపురసుందరి మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తూ, "ఆ పిల్లకు చెప్పారా?" అనేది. "రేపు చెబుతాను" అనేవాడు. మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. నాలుగో రోజు నుంచి ఆమె అడగడం మానేసి గ్లాసు మాత్రం ఇచ్చేది. ఆ గ్లాసు అందుకోవడం ఆయనకు ఇంకా కష్టమైంది. మెట్రోలో కూర్చుంటే చొక్కా జేబులో కాగితం గరగరమనేది. రోజూ చొక్కా మార్చేవాడు, కాగితాన్ని మాత్రం ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకునేవాడు. పారెయ్యడానికీ ధైర్యం లేదు, చూపించడానికీ ధైర్యం లేదు.

ముంబైకి శాంపిలు వెళ్ళిపోయింది. ఇంక అంతా సర్దుకుందిలే, ఆ పిల్ల ఉద్యోగం ఖాయమవుతుంది, ఎవరికీ నష్టం లేదు, ఎందుకు కెలకడం అని మనసుకు సర్దిచెప్పుకోబోయాడు. సరిగ్గా అప్పుడే, జనవరి ఐదున, మధ్యాహ్నం అన్నాల వేళ ప్రవీణ ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, మీకొక మాట చెప్పి పోదామని వచ్చిన. ఇయ్యాల రిజైన్ పెడుతున్న."

"అదేంటమ్మా? గీతలు బాగా వస్తున్నాయి కదా."

"వస్తున్నయి సార్. కానీ ఎందుకు చెడిందో నాకు తెల్వలే, ఎందుకు మంచిగైందో కూడ తెల్వలే. మల్ల ఎప్పుడు చెడుతదో ఏమో. రేపు నా వల్ల పెద్ద ఆర్డరే పాడైతే ఏం జెయ్యాలె?" ఆమె గొంతు మామూలుగానే ఉంది. "మీరు అన్నదే కరెక్ట్ సార్. నా చేతులల్లనే ఏదో ఉన్నది. గీ పని నాకు రాదు. అమీర్‌పేటల సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సుకు పేరిచ్చిన. మా అమ్మకు కూడ ఫోన్ల చెప్పిన. అండ్లనైతే చేతుల ఫికరుండదు."

అని, ఆయనకు నమస్కారం పెట్టింది. "మీరు మొహం మీద చెప్పిండ్రు కాబట్టి తొందరగ తెలిసింది సార్. లేకపోతే ఇంక నాలుగేండ్లు గిట్లనే తిప్పలు పడుతుంటి," అంది.

జోడించిన ఆ చేతులు ఆయన ముఖానికి మూరెడు దూరంలో ఉన్నాయి. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రగా చారలు పడి ఉంది. గోళ్ళ చుట్టూ తోలు లేచిపోయింది. సబ్బు, స్పిరిట్, మళ్ళీ సబ్బు, నెల రోజులు. ఆ చేతులను సోమేశ్వరరావు చూడలేకపోయాడు. తల దించుకుంటే తన చేతులు కనబడ్డాయి. నున్నగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి.

"కాసేపు ఆగమ్మా, నాతో రా," అన్నాడు. 

ఉదయ్ భాస్కర్ గదిలోకి ఇద్దరూ వెళ్ళారు. సోమేశ్వరరావు నిలబడే చెప్పాడు. కొబ్బరినూనె సంగతి, చలి సంగతి, పన్నెండేళ్ళుగా ఉత్త బిళ్ళ వెయ్యని సంగతి. "ఆ అమ్మాయి మైనంలో ఎప్పుడూ తప్పు లేదండి. ఆ ఎస్టరు నా అచ్చులోది. చేతి శుభ్రం లేనిది నాకు," అన్నాడు. అని జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మడతల దగ్గర అది చిరగబోతోంది.

ఉదయ్ భాస్కర్ కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "సరే అయిందేదో అయింది. శాంపిలు మంచిదే కదా వెళ్ళింది. ఇది మన ముగ్గురి మధ్యే ఉంచుదామండీ రావు గారూ. మీ పెద్దరికం..." అన్నాడు.

"వద్దండి. మీటింగులో అన్నారు, మీటింగులోనే చెప్పాలి. నేనే చెబుతాను," అన్నాడు సోమేశ్వరరావు.

ప్రవీణ వాళ్ళ మాటలు వింటున్నట్టు లేదు. బల్ల మీది కాగితాన్నే చూస్తోంది. గుంట దగ్గర వేలు పెట్టింది. తరవాత వేలు మెల్లగా పై మూలకు జరిపింది. అక్కడ మిషను తనంతట తానే తారీకు అచ్చు వేస్తుంది.

"ఇది డిసెంబర్ ఇరవై ఏడుది సార్," అంది. "ఇయ్యాల జనవరి ఐదు."

సోమేశ్వరరావు దీన్ని ఊహించలేదు. తప్పు చెబుతున్నానన్న ఊపులో, దాన్ని దాచిన రోజుల లెక్క కూడా ఆ కాగితం మీదే ఉందని మరిచిపోయాడు. తప్పు చెయ్యడం వేరు, తెలిసి తొమ్మిది రోజులు నోరు మూసుకోవడం వేరు. మొదటిదానికి చలి ఉంది, నూనె ఉంది, అలవాటు ఉంది. రెండోదానికి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

"అవునమ్మా. తొమ్మిది రోజులు," అన్నాడు. "నాకు ముఖం చెల్లలేదు. నువ్వు నన్ను ఎన్ని అన్నా పడతాను."

ఏమన్నా అంటుందని ఎదురు చూశాడు. నాలుగు మాటలు అంటే బావుండుననుకున్నాడు. ఆమె మాత్రం, "నేను ఏడో తారీకునాడు అడిగిన సార్, ఉత్త బిళ్ళ ఎయ్యమని," అంది. అంతే. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు. ఉదయ్ భాస్కర్ గొంతు సవరించుకుని, ఉద్యోగం ఇవాళే ఖాయం చేస్తాననీ, రిజైన్ మాట మరిచిపొమ్మనీ అన్నాడు. ఆమె ఆయన వంక చూడలేదు.

"సార్, ఇప్పుడెయ్యుండ్రి," అంది సోమేశ్వరరావుతో.

ముగ్గురూ లేబులోకి వచ్చారు. సంగతేమిటోనని మిగతావాళ్ళూ చుట్టూ చేరారు. సోమేశ్వరరావు వాళ్ళందరి ముందూ కూడా ఇందాకటి మాటలే చెప్పాడు, ఒక్కటీ వదల్లేదు. ఎవరూ నవ్వలేదు. స్పిరిట్‌తో అచ్చు తుడిచి ఉత్త బిళ్ళ వేస్తుంటే పొడి బల్ల మీద ఒలికింది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు కూడా ఆయన చేతిలోంచి అలా ఒలకలేదు. గీత వచ్చింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా చదునుగా ఉంది. ప్రవీణ దాన్ని చాలాసేపు చూసింది.

"ఇగ నాది," అంది. పొద్దున చేసిన మైనం సీసా జేబులో ఉంది, తీసి బల్ల మీద పెట్టింది.

సోమేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. అచ్చును తీసి ఆమె వైపు జరిపాడు. ఇరవై ఏళ్ళలో ఆ అచ్చును ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. "నువ్వే వెయ్యమ్మా. నీ మైనం, నీ బిళ్ళ. ఇకనుంచి రోజూ ముందు ఉత్త బిళ్ళ, అది నువ్వు చూశాకే మిగతావి," అన్నాడు.

ప్రవీణ అచ్చు వైపు చెయ్యి చాపింది. ముట్టుకోబోయి ఆగింది. ఆ చేతిని వెనక్కి తీసుకుని సింకు దగ్గరికి నడిచింది. కొళాయి తిప్పి, సబ్బు తీసుకుని, పగిలిన చేతులు రుద్దుకోవడం మొదలుపెట్టింది.

"అక్కర్లేదమ్మా," అన్నాడు సోమేశ్వరరావు. "నీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి."

"తెలుసు సార్," అంది ప్రవీణ. నీళ్ళు కట్టెయ్యలేదు. ఒకసారి కడిగింది, రెండోసారి కడిగింది, మూడోసారి మళ్ళీ సబ్బు అందుకుంది. సోమేశ్వరరావు అచ్చు పక్కనే తల దించుకుని నిలబడ్డాడు.